మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల: ఇద్దరు పిల్లల తల్లిగా నా అభిప్రాయం

పల్నాడు జిల్లాలో సత్తెనపల్లి నుంచి ఆటోలో అరగంట ప్రయాణం చేస్తే మా ఊరు వస్తుంది. ఊరంతటికీ ఒకటే ప్రాథమిక పాఠశాల. ఒకటి నుంచి అయిదు వరకు తరగతులు, డెబ్బై మందికి పైగా పిల్లలు, ముగ్గురు ఉపాధ్యాయులు, ప్రహరీకి ఆనుకుని అంగన్‌వాడీ. మా అమ్మాయి ఇక్కడే అయిదో తరగతి పూర్తిచేసి 2024లో పక్క ఊరి హైస్కూలుకు వెళ్ళింది. అబ్బాయి ఇప్పుడు నాలుగో తరగతి చదువుతున్నాడు. మధ్యలో ఒక విడత నేను పేరెంట్స్ కమిటీ సభ్యురాలిగా కూడా ఉన్నాను కాబట్టి ఈ బడి మీద నాకు అభిమానం ఉన్న మాట ముందే చెప్పాలి. ఆ అభిమానంతో లోపాలను కప్పిపుచ్చకుండా, పిల్లలను ఎక్కడ చేర్చాలా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకు పనికివచ్చేలా నేను చూసినదంతా రాస్తున్నాను.

ఈ బడికి రాకముందు మా అమ్మాయిని మండల కేంద్రంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో చేర్చాం. ఉదయం ఏడున్నరకు వ్యాను ఎక్కితే పిల్ల మళ్ళీ ఇల్లు చేరేసరికి సాయంత్రం అయిదున్నర అయ్యేది. మేము ఆ బడి గేటు దాటి లోపలికి వెళ్ళిందల్లా ఫీజు కట్టడానికి, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టడానికి మాత్రమే. పాప తరగతిలో నోరు విప్పడం లేదని ఒకసారి చెప్పారు. అయితే ఏం చేద్దామని అడిగితే ట్యూషన్ పెట్టించమన్నారు తప్ప, పిల్ల ఎందుకు భయపడుతోందని ఎవరూ అడగలేదు. కరోనా వచ్చి రాబడి పడిపోయిన ఏడాది ఫోనులో చెప్పిన పాఠాలకు పూర్తి ఫీజు కట్టమన్నారు. ఆ కట్టలేనితనంతోనే 2021 ఫిబ్రవరిలో ప్రాథమిక తరగతులు మళ్ళీ తెరిచినప్పుడు పాపను మా ఊరి బడిలో రెండో తరగతిలో చేర్చాం. ఇష్టపడి చేర్చలేదు, గత్యంతరం లేక చేర్చాం.

చేర్చడానికి వెళ్ళిన రోజు ప్రధానోపాధ్యాయురాలు అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పాప ఇంట్లో ఎవరితో ఎక్కువ మాట్లాడుతుంది, సాయంత్రం పూట ఇంటిదగ్గర ఎవరుంటారు, ఏమంటే భయపడుతుంది, ఏ కూర తినదు. నేను నాయనమ్మ దగ్గర బాగా మాట్లాడుతుందని చెప్పాను. వారం తిరిగేలోగా ఆమె మా ఇంటికి వచ్చి, అరుగు మీద మా అత్తగారి పక్కన కూర్చుని, పాప వాళ్ళ నాయనమ్మకు కోడిపిల్లల సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పడం విన్నారు. మర్నాడు తరగతిలో పాపను పాఠం అప్పజెప్పమనకుండా, ఆ కోడిపిల్లల సంగతే అందరికీ చెప్పమన్నారట. ఆ ముందు రెండేళ్ళలో ఎవరూ విప్పించలేని నోరు అలా విచ్చుకుంది. ఇంటికి వచ్చి చూసే ఈ అలవాటు మా పాపకు మాత్రమే దక్కిన ప్రత్యేకత కాదు. ప్రతి ఏడాదీ కొత్తగా చేరిన పిల్లలందరి ఇళ్ళకూ ముగ్గురు ఉపాధ్యాయులూ వంతులవారీగా వెళ్తారు.

ఇక కమిటీ సంగతి. ఈ బడి గురించి నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్నది ఇదే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలి, మేము పేరెంట్స్ కమిటీ అనేది దీన్నే. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, మొత్తంలో సగం మంది స్త్రీలు కావాలి, పేద, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి చోటు దక్కాలి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడడం వీరి బాధ్యత. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు కాబట్టి అయిదు తరగతుల మా బడికి పదిహేను మంది సభ్యులున్నారు. ప్రధానోపాధ్యాయురాలు కన్వీనరు. చట్టం అన్ని ఊళ్ళకూ ఒకటే అయినా, సమావేశం జరగకుండానే తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలతో నిండిపోయే బడులు ఉన్నాయని మా బంధువులున్న ఊళ్ళలో విన్నాను. మా ఊళ్ళో సమావేశం రాత్రి ఏడున్నరకు, కోతలకు వెళ్ళినవాళ్ళు ఇళ్ళకు చేరి పొయ్యి మీద ఇంత అన్నం పడేశాక మొదలవుతుంది. మధ్యాహ్నం మూడింటికి పెట్టుకుంటే ఉపాధ్యాయులకు సుఖమే గానీ, కూలికి వెళ్ళే తల్లి రావాలంటే ఒక పూట కూలి వదులుకోవాలి. ఆ కూలి విలువ తెలిసినవారే ఈ వేళను నిర్ణయించారు.

సభ్యుల్లో సగం మందికి చదువు రాదు. అందుకని కిందటి నెల జమాఖర్చులను ఒక ఉపాధ్యాయుడు బిగ్గరగా చదివి వినిపిస్తారు. సుద్దముక్కలకు ఎంత, చీపుర్లకు ఎంత, కుళాయి బాగుచేసినవాడికి ఎంత ఇచ్చారో అన్నీ చదువుతారు. నేను సభ్యురాలిగా వెళ్ళిన రెండో సమావేశంలో అది అయిపోయాక, మిరప కోతలకు వెళ్ళే ఒకావిడ, నాకంటే పదేళ్ళు చిన్నది, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ లేచి నిలబడింది. "మేడం గారూ, ఆడపిల్లల దొడ్డి తాళం మీ ఆఫీసు గదిలో ఎందుకుంటది? మా పిల్ల అడగటానికి సిగ్గుపడి సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుని కూర్చుంటంది," అంది. గదిలో చప్పుడు లేదు. ప్రధానోపాధ్యాయురాలు కోపగించుకోలేదు, తప్పించుకోనూ లేదు. రాత్రిళ్ళు బయటివాళ్ళు లోపలికి వచ్చి కుళాయిలు విరగ్గొడుతున్నందువల్ల తాళం వేయాల్సి వచ్చిందని, పిల్లలు అడగడానికి సిగ్గుపడతారన్న ఆలోచన తనకు రాలేదని, అది తన పొరపాటేనని అన్నారు. బడి వేళల్లో తాళం వేయకూడదని, సాయంత్రం గేటు మూసేటప్పుడు మాత్రం ఆయా తాళం వేసి తాళంచెవి తన దగ్గరే ఉంచుకోవాలని అప్పటికప్పుడు తీర్మానం రాశారు. మర్నాడు నేను వెళ్ళి చూశాను, తాళం లేదు. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి తల్లి ఒక్క సమావేశం కూడా తప్పలేదు.

ఈ ధైర్యం మా వాళ్ళకు ఒక్క రోజులో రాలేదు. 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైనప్పుడు రాష్ట్రవ్యాప్తంగా తొలి విడతకు ఎంపికైన 15,715 పాఠశాలల్లో మాదీ ఒకటి. ఆ పథకంలో పనులు కాంట్రాక్టరుకు అప్పగించకుండా డబ్బును పేరెంట్స్ కమిటీ ఖాతాలోనే వేశారు. అప్పటి కమిటీలో తాపీ మేస్త్రి ఒకాయన ఉండేవారు. నేలకు వేయాల్సిన టైల్స్ దిగుమతి అయిన రోజు ఒక్కో పెట్టె విప్పించి, అంచులు వంకరపోయినవాటిని పక్కన పెట్టించి, అన్నీ వెనక్కి పంపించారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. తమ చేతులతో సిమెంటు కొని, తమ కళ్ళతో ఇటుకలు లెక్కపెట్టిన తల్లిదండ్రులు ఆ తర్వాత ఆ గోడకు పగులు వస్తే ఊరుకోరు. ఎవరు ఏ పథకానికి ఏ పేరు పెట్టినా, డబ్బు లెక్క తల్లిదండ్రుల చేతికి ఇవ్వడమన్నది మా ఊరి బడికి జరిగిన పెద్ద మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బడి విలువలంటే ఏమిటో నాకు అర్థమైన మరో చోటు మధ్యాహ్న భోజనాల వరండా. అడిగినవారికి అన్నం లేదనకుండా పెట్టి కోనసీమలో అన్నపూర్ణగా పేరుపొందిన డొక్కా సీతమ్మ గారి పేరు ఇప్పుడు ఈ భోజన పథకానికి పెట్టారు. ఆ పేరుకు తగ్గట్టు వడ్డించడం వంట చేసేవారి మీద, చూసుకునేవారి మీద ఆధారపడిన విషయం. ప్రాథమిక తరగతుల పిల్లలకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది కేంద్రం పెట్టిన కొలత. మన రాష్ట్రంలో దానికి తోడు వారానికి అయిదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ, మూడు రోజులు రాగి జావ ఇస్తున్నారు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తోంది. అన్నం ముద్దగా ఉందన్న ఫిర్యాదు అంతకు ముందు తరచుగా ఉండేది, ఇప్పుడు బాగా తగ్గింది. పిల్లలకు వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయురాలు, ఆ రోజు వంతు వచ్చిన ఒక తల్లి రుచి చూసి పుస్తకంలో రాస్తారు. ఉప్పు ఎక్కువైందని రాసిన రోజులు, పప్పు పలచగా ఉందని రాసిన రోజులు ఆ పుస్తకంలో కనిపిస్తాయి. అన్ని పేజీల్లోనూ బాగుంది అని మాత్రమే రాసి ఉంటే నేను ఆ పుస్తకాన్ని నమ్మేదాన్ని కాదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. భోజన పథకంలో వంటవారిగా దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. మా బడిలో ఎస్సీ కాలనీకి చెందిన అక్క వంట మొదలుపెట్టినప్పుడు కొన్ని ఇళ్ళవాళ్ళు పిల్లలకు క్యారేజీలు కట్టి పంపడం ప్రారంభించారు. కారణం అందరికీ తెలుసు, నోటితో ఎవరూ చెప్పలేదు. ప్రధానోపాధ్యాయురాలు ఎవరినీ నిలదీయలేదు, సమావేశంలో ఉపన్యాసమూ ఇవ్వలేదు. రోజూ తాను తెచ్చుకునే క్యారేజీ మానేసి, పిల్లల వరుసలో చాప మీద కూర్చుని అదే అన్నం తినడం మొదలుపెట్టారు. మిగతా ఇద్దరు ఉపాధ్యాయులూ అలాగే చేశారు. తర్వాత వారానికి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళను, ముఖ్యంగా క్యారేజీలు పంపుతున్న ఇళ్ళ నాయనమ్మలను, తాతయ్యలను భోజనానికి పిలిచారు. "పెద్దమ్మా, ఈ రోజు మీ మనవరాలి పక్కన కూర్చుని తినాలి," అని పిలిస్తే కాదనడం ఎవరికైనా కష్టమే. దసరా సెలవులకు ముందు ఏడెనిమిది క్యారేజీలుండేవి, సంక్రాంతి నాటికి ఒక్కటి మిగిలింది, ఆ తర్వాత అదీ కనిపించలేదు. ఈ ఒక్క విషయానికి నేను ఆ ముగ్గురికీ జీవితాంతం కృతజ్ఞురాలిని. మా అబ్బాయి ఎవరి పక్కన కూర్చుని తిన్నాడో ఇంటికి వచ్చి చెబుతుంటే అందులో మా చిన్ననాటి బడిలో లేని పేర్లు వినిపిస్తాయి.

చదువు విషయానికి వస్తే, 2020-21 నుంచి పాఠ్యపుస్తకాలు ఒక పేజీలో తెలుగు, పక్క పేజీలో ఆంగ్లంగా రెండు భాషల్లో వస్తున్నాయి. ఆంగ్లం రాని తల్లులు మొదట్లో ఈ పుస్తకాలు చూసి భయపడ్డారు. పిల్లలకు ఇంట్లో ఏమీ చెప్పలేమన్న దిగులు చాలామందిలో ఉండేది. ఉపాధ్యాయురాలు అందరినీ కూర్చోబెట్టి, మీరు పాఠం చెప్పనక్కర్లేదు, ఈ రోజు ఏం విన్నావో తెలుగులో నాకు చెప్పు అని అడిగితే చాలు, మీకు అర్థమయ్యేదాకా చెప్పించండి అన్నారు. వంట చేస్తూ వినవచ్చు, పూలు కట్టుకుంటూ వినవచ్చు. మా ఇంట్లో ఇది మా అత్తగారి పని అయింది. ఆమె అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేక మా అబ్బాయి మర్నాడు బడిలో మళ్ళీ అడిగి వచ్చిన రోజులున్నాయి.

శనివారాలు పుస్తకాల సంచి లేని రోజులు కావడంతో ఊళ్ళోవాళ్ళను బడికి పిలుస్తారు. ఒక శనివారం ఒక రైతు తాత రెండు రకాల మిరపకాయలు తెచ్చి, తేజ ఏదో బాడిగ ఏదో చూపించి, ఏది ఘాటుకు వాడతారో, ఏది రంగుకు వాడతారో పిల్లల చేత వాసన చూపించి మరీ చెప్పారు. ఒక్కో టిక్కీ (మిరపకాయల బస్తా) 42 కిలోలు తూగితే పది టిక్కీలు ఎన్ని క్వింటాళ్ళవుతాయి, గుంటూరు యార్డులో క్వింటా ధర ఇంత పలికితే చేతికి ఎంత వస్తుంది, అందులో కోత కూలి, ఆటో కిరాయి, కమీషను పోను మిగిలేదెంత అని లెక్క చేయించారు. నాలుగో తరగతి పిల్లలు ఆ లెక్కను ఎంత పట్టుదలగా చేశారంటే, కమీషను ఎందుకు తీసుకుంటారని ఆ తాతను పది నిమిషాలు వదిలిపెట్టలేదట. మా అబ్బాయి ఆ రోజు ఇంటికి వచ్చి వాళ్ళ నాన్నను మన కాయకు కిందటేడు ఎంత మిగిలిందని అడిగాడు. ఆయన చాలాసేపు ఆలోచించి నిజం చెప్పారు.

అదే మిరప ఈ బడికి పెద్ద కష్టం కూడా. జనవరి నుంచి మార్చి దాకా కాయ కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు హాజరు పడిపోతుంది. కొందరు పిల్లలు చిన్న తమ్ముళ్ళను చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోతారు, కొందరు కల్లం దగ్గర కాపలా ఉంటారు. పైగా కోతలకు కర్నూలు వైపు నుంచి వచ్చే కుటుంబాలు పిల్లలను వెంట తెచ్చుకుంటాయి. కమిటీ ఈ విషయంలో చేసిన ప్రయత్నం మెచ్చుకోదగినది. సభ్యులు ముఠా మేస్త్రీల దగ్గరకు వెళ్ళి పిల్లలున్న కుటుంబాల జాబితా అడిగి, పొరుగూరి పిల్లలనైనా సరే బడిలో కూర్చోబెట్టారు. చంటిపిల్లలను అంగన్‌వాడీలో ఉంచేలా మాట్లాడారు. టీసీ లేదని గానీ, పుట్టిన తేదీ పత్రం లేదని గానీ పిల్లలను వెనక్కి పంపకూడదని చట్టమే చెబుతోందన్న సంగతి మాకు ప్రధానోపాధ్యాయురాలే వివరించారు. అయినా సమస్య పూర్తిగా తీరిందని చెప్పలేను. కాయ ధర బాగున్న ఏడాది కూలి రేటు పెరుగుతుంది, కూలి పెరిగితే అయిదో తరగతి పిల్లలు బడి మానేస్తారు. కిందటి ఏడాది కూడా ఫిబ్రవరిలో కొన్ని బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇతర లోపాలు కూడా చెప్పాలి. అయిదు తరగతులకు ముగ్గురు ఉపాధ్యాయులంటే ఎప్పుడూ రెండు తరగతులు ఒకే గదిలో ఉండాల్సిందే. చట్టం ప్రకారం 61 నుంచి 90 మంది పిల్లలకు ముగ్గురు ఉపాధ్యాయులు సరిపోతారు. పిల్లల తలలు లెక్కపెట్టి చేసిన ఆ లెక్కలో తరగతుల సంఖ్యకు చోటు లేదు. ముగ్గురిలో ఒకరు శిక్షణకో, సర్వే పనికో, ఓటర్ల జాబితా పనికో వెళ్ళిన రోజు మిగతా ఇద్దరికీ చదువు చెప్పే తీరికే ఉండదు. దానికి తోడు హాజరు, భోజనం వివరాలు యాపుల్లో పెట్టడానికి ఉదయం పూట చాలా సమయం పోతోంది. ఇది మా బడి తప్పు కాదు గానీ, నష్టపోయేది మా పిల్లలే. ఆంగ్లం చదవడం బాగానే వస్తోంది, మాట్లాడడం ఇంకా రాలేదు. ఈ విషయంలో హైస్కూలుకు వెళ్ళాక మా అమ్మాయి మొదటి ఆరు నెలలు ఇబ్బంది పడింది.

కుటుంబాలతో సంబంధంలోనూ రెండు లోటుపాట్లు చూశాను. మొదటిది, కబుర్లన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోవడం. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేసారి మెగా పేరెంట్ టీచర్ సమావేశం జరిపినప్పుడు వివరాలు మా గ్రూపులో ముందు రోజు రాత్రి వచ్చాయి. టచ్ ఫోను లేని తల్లులు అప్పటికే మర్నాటి కూలికి మాట ఇచ్చేసుకున్నారు, కొందరు రాలేకపోయారు. అందులో ఒకావిడ తర్వాత ఏడ్చింది, ఆ రోజు తన కూతురు పాట పాడిందట. కమిటీలో ఈ విషయం గట్టిగా మాట్లాడాక పిల్లల చేతికి చీటీలు ఇచ్చి పంపడం, రామాలయం మైకులో చెప్పించడం మొదలైంది. 2025 జూలై 10 నాటి సమావేశానికి వచ్చినవారి సంఖ్య చూస్తే ఆ మార్పు ఎంత అవసరమో తెలిసింది. రెండోది, తండ్రులు రాకపోవడం. వచ్చినా కొందరు భార్యల తరఫున మాట్లాడడానికే వస్తారు. ఒక విడత చైర్‌పర్సన్‌గా ఎన్నికైన ఆవిడ వెనక వరుసలో కూర్చుంటే, ఆమె భర్త ముందు కుర్చీలో కూర్చుని తీర్మానాలు చెప్పేవారు. ప్రధానోపాధ్యాయురాలు, "అన్నా, మీ మాట కూడా వింటాం, ముందు చైర్‌పర్సన్ గారిని చెప్పనివ్వండి," అని ప్రతిసారీ మర్యాదగానే అనేవారు. ఆవిడ నోరు తెరవడానికి మూడు సమావేశాలు పట్టింది.

నగరంలోని పెద్ద బడులతో పోల్చి చూసేవారికి ఇక్కడ కంప్యూటర్ గది లేదు, బస్సు లేదు, టై లేదు, ఆటస్థలం సగం గ్రామ సచివాలయం వాళ్ళ వాహనాలతో నిండి ఉంటుంది. అవే ముఖ్యమనుకుంటే ఈ బడి మీకు నచ్చదు. పిల్లల గురించి తల్లి చెప్పిన మాటను విని, రాసుకుని, దాని మీద ఏదో ఒకటి చేసే బడి కావాలనుకుంటే నేను నిస్సంకోచంగా దీన్నే చెబుతాను, మా అబ్బాయిని అయిదో తరగతి దాకా ఇక్కడే ఉంచుతాను. ఈ మంచి అంతా ఒక్క ప్రధానోపాధ్యాయురాలి మీదే నిలబడి ఉందా, ఆమెకు బదిలీ అయితే ఏమవుతుంది అన్న భయం నాకు ఉంది. అందుకే రాత్రి ఏడున్నర సమావేశాన్ని, భోజనం రుచి చూసే పుస్తకాన్ని, కొత్త పిల్లల ఇళ్ళకు వెళ్ళడాన్ని మా కమిటీ తీర్మానాల్లో రాయించాం. ఎవరు వచ్చినా ముందు ఆ పుస్తకం చదివి వినిపిస్తాం.

వేసవి సెలవుల తర్వాత బడి జూన్ 12న తెరుస్తారు. చూడాలనుకునేవారు ప్రవేశాల రోజున కాకుండా మామూలు రోజున, మధ్యాహ్నం పన్నెండు దాటాక వెళ్ళండి. వంటగది ముందున్న వేపచెట్టు కింద కూర్చుంటే మిమ్మల్ని ఎవరూ లేవమనరు. ఆ రోజు వంతు వచ్చిన తల్లి రాకపోతే రుచి చూడమని గరిటె మీ చేతికే ఇస్తారు. ఉప్పు తక్కువైతే తక్కువైందనే రాయండి.